తెల్లగుడ్డ అంచు

వూచ్ నగరంలో, మూతబడ్డ నూలుమిల్లులో
మిగిలిన ఒక్క గదిలో
మేం జెండాలు కుడతాం.
ప్రపంచ పోటీలొస్తే మాకు చేతినిండా పని.
రెండొందల దేశాలు
నా మిషను సూది కిందనుంచే పోతాయి,
ఒక్కటీ నాకు సలాం కొట్టదు.

ఈసారి జాబితా అడుగున
దేశం పేరు లేని వరస ఒకటి:
తెలుపు. గుర్తు లేదు. నలభై.

సూపర్‌వైజరు జెనోన్ చదివి వినిపించాడు.
"వాళ్ల ఆటగాళ్లొస్తారట, దేశం మాత్రం రాదట."
నవ్వాం.
మోత్ర్యా నవ్వలేదు.
ఖార్కివ్ నుంచి వచ్చి రెండేళ్లయింది,
జెండాకి రింగులు బిగించడంలో ఆమెకు సాటి లేరు.
కత్తెర బల్లమీద పెట్టి
టీ తెచ్చుకుంటానని వెళ్లి
ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.

"ఆటలు వేరు, రాజకీయాలు వేరు" అంటాడు జెనోన్.
అతనికి రెండూ టీవీలోనే వస్తాయి.
నా పక్కమీద మాత్రం అవి
ముప్పైరెండేళ్లు ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

మా ఆయన ల్యుబోమిర్ పడవ పందేలవాడు.
ఎనిమిదిమంది పడవలో ఆరో సీటు.
నాలుగేళ్లు, కోడికంటే ముందు లేచి నదికి.
అరచేతుల్లో కాయలు,
నా చెంప ముట్టుకుంటే గీసుకునేవి.
ఎనభైనాలుగు, మే నెల.
వార్సా నుంచి ఒకాయనొచ్చి
రెండు పేరాల కాగితం చదివాడు.
మనం వెళ్లడం లేదు.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
"భోజనంలోకి ఏమిటి?" అన్నాడట.
క్యాబేజీ.
అప్పట్నించి పోలండ్ మొత్తంలో
క్యాబేజీ వండని ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

అందుకే నాకొక అభిప్రాయం ఉండేది.
రొట్టెల దుకాణం వరసలో, ట్రాములో,
అడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని:
మీ తగువులు మీరు పడండి,
కుర్రాళ్ల తెడ్లు విరగ్గొట్టకండి అని.

మొన్న మధ్యాహ్నం మోత్ర్యా
ఫోను నా వైపు తిప్పింది.
ఈతకొలను. అందులో మంచు.
మేనకోడలు సొలోమియా అక్కడే నేర్చుకుందట,
వెల్లకిలా ఈదే పిల్ల.
వాళ్లు పైకి చూస్తూ ఈదాలి,
దూలాలు లెక్కపెట్టుకుంటే
గోడ ఎంత దూరమో తెలుస్తుంది.
పదకొండో దూలం దగ్గర చెయ్యి చాచాలి.
ఇప్పుడా దూలాలు
కొలను అడుగున ఉన్నాయి.

నా నలభై ఏళ్ల అభిప్రాయం
నమలని రొట్టెముక్కలా
గొంతుకడ్డం పడింది.

రెండువైపులా న్యాయముందని చెప్పడం తేలిక,
జెనోన్ రోజుకు నాలుగుసార్లు చెబుతాడు.
నాకు రెండువైపులా నొప్పే ఉంది,
ఆ రెంటినీ కలిపి కుట్టే దారం
ఈ గదిలో ఏ రీలులోనూ దొరకలేదు.

వెనక అలమారాలో
ఇప్పుడు లేని దేశాల జెండాలున్నాయి.
తూర్పు జర్మనీది ఒకటి, నడిమి గుర్తు నేనే విప్పాను.
విప్పేస్తే అది పడమటిదైపోయింది.
వెలుతురుకి పట్టి చూస్తే
సూది బెజ్జాలు గుండ్రంగా ఇంకా కనబడతాయి.
దేశాల్ని విప్పొచ్చు. బెజ్జాల్నెలా పూడ్చడం?

తెల్లజెండా కుట్టడం సుఖమనుకుంటారు.
కాదు. మురికి చేతులు దాక్కోవడానికి
అందులో రంగు ఉండదు.
గాలి లాగే అంచుకి
రెండు వరసల కుట్టు వెయ్యాలి, అది నియమం.
ముప్పైతొమ్మిది నేను కుట్టాను.
నలభయ్యోది మోత్ర్యా అడిగి తీసుకుంది.

సాయంత్రం తనిఖీ బల్లమీద
దాన్ని వేలితో తడిమాను.
ఒక్క వరసే ఉంది.

ఆమె కిటికీలోంచి ట్రాముల్ని చూస్తోంది.
ముద్ర నా చేతిలో ఉంది.
వేశాను.

పెట్టె మూతకి టేపు అంటిస్తూ
ఆ జెండా కింద నిలబడబోయే కుర్రాడి
అరచేతుల్లో కాయలు తలుచుకున్నాను.
ఆ రోజు గాలి ఉండకూడదని ఒకసారి,
బాగా వీచాలని ఒకసారి
అనుకున్నాను.